బిళ్ళ లేని ఎద్దు

ఆ రోజు పొద్దున గుమాస్తా మూడు పనులు అనుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకోవాలి. పది నిమిషాలు ముందుగా ఆఫీసుకు చేరాలి. సాయంత్రం దాకా నోరు విప్పకూడదు. మొదటి రెండూ అతని ఆలోచనలే గాని, మూడోది భార్య పెట్టిన షరతు.

"ఆ ఉత్తరం సాయంత్రం టపాలో వెళ్ళిపోయేదాకా ఎవరేమన్నా ఊఁ అనకండి, ఆఁ అనకండి" అంది ఆవిడ పొద్దున భోజనం డబ్బా చేతికిస్తూ. "పద్నాలుగేళ్ళు ఆగాం. ఇంకో ఎనిమిది గంటలు ఆగలేమా?"

ఉత్తరం అంటే సిఫారసు ఉత్తరం. సెక్షన్ పెద్ద కూర్చునే కుర్చీ ఖాళీ అయింది. దానికి ఒక పేరు రాసి మేనేజరు ఆ సాయంత్రమే పై ఆఫీసుకు పంపాలి. పద్నాలుగేళ్ళుగా ఆ కుర్చీ ఖాళీ అయినప్పుడల్లా వరసలో మొదట ఉన్నది గుమాస్తానే, అందులో కూర్చున్నది మాత్రం ఇంకొకరు. ఈసారి అతనికంటే పాతవాళ్ళు ఎవరూ మిగల్లేదు. పోటీ అంటూ ఉంటే అది అదే ఆఫీసులో సర్వేయరుగా ఉన్న బావమరిదితోనే. "వాడు చిన్నవాడు, ముందు మీకు రావాలి" అని భార్యే తీర్పు చెప్పేసింది కాబట్టి అదీ లేనట్టే లెక్క.

వాళ్ళది పశువులకు బీమా చేసే ఆఫీసు. బీమా చేసిన ప్రతి పశువు చెవికీ ఒక నంబరు బిళ్ళ వేస్తారు. పశువు చస్తే యజమాని ఆ బిళ్ళ తెచ్చి బల్ల మీద పెట్టాలి. బిళ్ళ ఉంటే పశువు ఉన్నట్టూ, చచ్చినట్టూ. బిళ్ళ లేకపోతే అది పుట్టనూ లేదు, చావనూ లేదు. ఈ సంగతి జనానికి చెప్పి పంపించేయడమే గుమాస్తా ఉద్యోగం. అందుకోసం అతని సొరుగులో ఒక రబ్బరు ముద్ర ఉంది. "బిళ్ళ జతపరచలేదు. పరిశీలించలేము" అని ఊదా సిరాతో పడుతుంది. అలా ముద్ర పడ్డ కాగితాలన్నీ మూలనున్న ఇనప బీరువాలోకి వెళతాయి. దాన్ని ఆఫీసులో చచ్చిన పశువుల బీరువా అంటారు. ఇరవై రెండేళ్ళలో గుమాస్తా చేతి మీదుగా కొన్ని వేల గొడ్లు పోయాయి గాని, ఒక్కదాని తోకైనా అతను తాకి ఎరగడు. వచ్చేపోయే జనం అతన్ని బిళ్ళ బాబు అంటారు.

ఆ శాఖ పెట్టి పాతికేళ్ళయిందని మేనేజరు ఒక ప్రత్యేక సంచిక వేయించాడు. ప్రతి ఉద్యోగీ ఏదో ఒకటి రాసి తీరాలని మూడు నెలల కిందట నోటీసు పెట్టాడు. క్యాషియరు పొదుపు మీద వ్యాసం రాశాడు. గుమాస్తా కథ రాశాడు. ఒక పెరట్లో ముసలి ఎద్దు. దాని దాణా పెట్టె మీద రోజంతా ఒక పిల్లి పడుకుని ఉంటుంది. తాను తినదు, ఎద్దును తిననివ్వదు. ఎద్దుకు జబ్బు చేస్తుంది. డాక్టరు వస్తే కుక్క మొరిగి గుమ్మంలోనే ఆపేస్తుంది. చివరికి డాక్టరు రాసిచ్చిన సర్టిఫికెట్టును మేక తినేస్తుంది. ఎద్దు కూలిపోతుంది. కోడిపుంజు దాని మీదికెక్కి కూత పెడుతుంది. ఎద్దు యజమాని దాని చెవి కోసి కాగితంలో చుట్టుకుని రోడ్డెక్కుతాడు. అంతే కథ. ఆ కథ అతనికి ఎక్కడి నుంచి వచ్చిందో ఆ రోజు మధ్యాహ్నం దాకా ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

సరిగ్గా ఆ రోజు పొద్దున్నే సంచికలు అచ్చయి వచ్చి ఒక్కొక్కరి బల్ల మీదా కూర్చున్నాయి.

"ముప్పై ఒకటో పేజీ చదివాను సార్" అంది టైపిస్టు, అతను కుర్చీలో కూర్చోకముందే. ఆమె పోస్టు ద్వారా సాహిత్యంలో డిగ్రీ చదువుతోంది. పాఠాల పుస్తకం ఎప్పుడూ టైపు మిషను పక్కనే ఉంటుంది. "కథలో జంతువొచ్చిందంటే అది జంతువు కాదు సార్, ప్రతీక. మా నాలుగో పాఠంలో ఉంది. పోలిక ఎక్కడ కుదిరితే అక్కడ ఒక మనిషి ఉన్నట్టు."

"అలాగా" అన్నాడు గుమాస్తా.

"ఆ చెవి కూడా మామూలు చెవి కాదు. మన గోడు వినేవాళ్ళు లేరని. ఇక ఆ పిల్లి..." ఆమె కళ్ళతోనే మేనేజరు గది తలుపు వైపు చూపించింది. "ఆయన బల్ల మీద ఎన్ని ఫైళ్ళు పడున్నాయో నాకు తెలీదా? తనూ చూడడు, ఇంకొకర్నీ చూడనివ్వడు. ఎంత ధైర్యం సార్ మీకు."

ఇక్కడ గుమాస్తా అనవలసిన మాట ఒక్కటే ఉంది. 'అమ్మా, పిల్లంటే పిల్లే' అని తేల్చేసి ఉంటే ఈ కథ ఇక్కడితో ఆగేది, అతని కుర్చీ అతనికి దక్కేది. కాని నలభై తొమ్మిదేళ్ళ బతుకులో అతనికి ధైర్యం ఉందని అన్నవాళ్ళు లేరు. ఓపిక ఉందన్నారు, దస్తూరి బాగుందన్నారు. ధైర్యం అన్న మాట వినగానే అతని వెన్ను దానంతట అదే నిటారుగా అయింది. భార్యకిచ్చిన మాట ప్రకారం నోరు మాత్రం విప్పలేదు. ఊరికే నవ్వాడు, అన్నీ ఎరిగినవాడిలాగా.

పావుగంటలో క్యాషియరు వచ్చి బల్ల మీదికి వంగాడు.

"ఆ మేక సంగతి మాట్లాడాలండీ."

"ఏ మేక?"

"సర్టిఫికెట్టు తినేసిన మేక. పోయిన ఏడాది నా బల్ల మీంచి పదకొండు డాక్టరు సర్టిఫికెట్లు మాయమయ్యాయి. అది మీకూ తెలుసు, నాకూ తెలుసు. పిల్లి మేనేజరని ఆ అమ్మాయి చెప్పింది, మీరు కాదనలేదట. మరి మేక ఎవరు?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాళ్ళు ఒక్క క్యాషియరే అయితే బాగుండేది. గుమాస్తా ఆలోచించాడు. మేక మేకే అంటే పిల్లి కూడా పిల్లే అవుతుంది. పిల్లి పిల్లి అయితే పావుగంట కిందట వచ్చిన ధైర్యం కాస్తా పోతుంది. దానితో విడిపోవడానికి అతనికి మనసొప్పలేదు.

"మీరు కాదండీ, ఎంత మాట" అన్నాడు గొంతు తగ్గించి. "మేక ఆ టైపిస్టు. టైపు చేసేటప్పుడు అక్షరాలు మింగేస్తుంది కదా."

క్యాషియరు కడుపుబ్బ నవ్వాడు. "గట్టివారే మీరు" అని భుజం తట్టి వెళ్ళాడు. అతనికి రహస్యం చెప్పడమంటే నోటీసు బోర్డు మీద అంటించడమే. పది నిమిషాలు తిరగకుండా టైపిస్టు మళ్ళీ వచ్చింది. ఈసారి ముక్కు ఎర్రగా ఉంది.

"నేను మేకనా సార్?"

"ఎవరమ్మా అన్నది? మేక క్యాషియరే. మొహం మీద చెబితే బాధపడతాడని అలా అన్నాను."

"మరి కథలో నేనెక్కడ?"

గుమాస్తాకు ఈ ప్రశ్న తట్టనే లేదు. కథలో ఉంటే ఒక తప్పు, లేకపోతే ఇంకో తప్పు. అతను సంచిక తిరగేసి వేలితో వెతికాడు. "ఇదిగో, రెండో పేరాలో సాయంత్రం పూట చల్లగాలి వీచింది అని ఉంది చూడు. ఆ గాలి నువ్వే" అన్నాడు. ఆమె మొహం విప్పారింది. గాలి అనే మాట కింద పెన్సిలుతో గీత గీసుకుని వెళ్ళింది.

పదకొండున్నరకు బావమరిది బయటి పని ముగించుకుని వచ్చాడు. బూట్లకు పేడ, మెడలో కెమెరా. సర్వేయరు పని అదే, చచ్చిన పశువు దగ్గరికి పోయి, పక్కన నిలబడి ఫొటో దిగి రావడం.

"కోడిపుంజు నేనేనా బావా?"

"నువ్వెందుకవుతావురా?"

"చచ్చిన గొడ్డు పక్కన నిలబడి ఫొటో దిగేది ఈ ఆఫీసులో నేనొక్కణ్ణేగా. అందరూ నన్ను చూసి కూత పెడుతున్నారు."

"కోడిపుంజు క్యాషియరు. చేసింది గోరంత, చెప్పుకునేది కొండంత."

"క్యాషియరు మేకట కదా?"

"రెండూనూ" అన్నాడు గుమాస్తా.

"సరే బావా. అక్కకు ఫోన్ చేసి కథంతా చదివి వినిపించాను. నువ్వే మాట్లాడుకో" అని అతను బూట్లు కడుక్కోవడానికి పోయాడు. ఆ వెంటనే ఫోను మోగింది.

"మా తమ్ముణ్ణి కోడిపుంజన్నారు, సరే" అంది భార్య. ఆవిడ గొంతు మెత్తగా ఉంది, అదే గుమాస్తాకు భయం. "ఆ పిల్లి ఎవరు?"

చుట్టూ అందరూ తల దించుకుని చెవులు మాత్రం ఇటు పెట్టి కూర్చున్నారు. మేనేజరు గది తలుపు ఓరగా తెరిచి ఉంది. ఆ పూట గుమాస్తా మొదటిసారిగా నిజం చెప్పాడు. "పిల్లంటే పిల్లే."

"నాకు చెప్పకండి. ఇరవై ఆరేళ్ళుగా ఆ ఇంట్లో డబ్బాల మూతల మీద చెయ్యి వేసుకు కూర్చున్నది నేనేగా. నేనేనాడైనా మీకు పెట్టకుండా తిన్నానా? తిననివ్వదట. మీకు చక్కెర వద్దన్నది నేనా, డాక్టరా?"

"నువ్వు చెప్పినట్టే నోరు విప్పలేదు కదే నేను..."

"రాసేవాడికి నోరెందుకండీ" అని ఆవిడ ఫోను పెట్టేసింది.

భోజనాల వేళకు అందరూ డబ్బాలు విప్పుకుని ఒక బల్ల చుట్టూ చేరారు, గుమాస్తా తప్ప. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టు, ఒకరన్న మాట ఇంకొకరు పట్టుకుని పోల్చి చూసుకున్నారు. క్యాషియరు మేక అని తేలింది. ఆ పైన కోడిపుంజు అనీ తేలింది. టైపిస్టు మేక కూడా, గాలి కూడా. సర్వేయరు కోడిపుంజు అవునో కాదో అతనికే అనుమానం. ఒక మనిషిని ఒకసారి అవమానిస్తే దులుపుకుని పోతాడేమో గాని, ఒకే పూటలో రెండు జంతువులను చేస్తే ఊరుకోడు. అందరూ కలిసి ఫిర్యాదు చేయాలని నిర్ణయించారు.

ఆ ఆఫీసులో ఏ కాగితానికైనా ఒక పద్ధతుంది. జంతువుల ప్రస్తావన ఉంది కాబట్టి పశువుల క్లెయిము ఫారమే సరైనదని క్యాషియరు అన్నాడు, ఎవరూ కాదనలేదు. జంతువు, రంగు, వయసు, గుర్తులు, యజమాని అని అందులో అయిదు గళ్ళుంటాయి. మేక అని ఉన్నచోట గుర్తుల గడిలో 'కాగితాలు తినును' అని రాసి, యజమాని గడిలో క్యాషియరు తన పేరే రాసి సంతకం పెట్టాడు. పిల్లికి ఎదురుగా 'మేనేజరు గారు' అని టైపిస్టు అటూ ఇటూ చూసి కొట్టింది. కుక్కకు ఎదురుగా తలుపు దగ్గర కూర్చునే ముసలి అటెండరు పేరు. ఎద్దు దగ్గరకు వచ్చేసరికి మాత్రం చెయ్యి ఆగింది.

"ఎద్దెవరో?" అంది టైపిస్టు.

"చచ్చిపోయిందిగా, వదిలెయ్యి" అన్నాడు క్యాషియరు.

ఆ గడి ఖాళీగానే ఉండిపోయింది. అడుగున 'జంతువులను స్వయంగా చూసి ధ్రువీకరించాను' అని అచ్చు వాక్యం ఉంటుంది. అలవాటు ప్రకారం సర్వేయరు దాని కింద సంతకం గీకేశాడు. మూడు ప్రతులు తీసి, ఒకటి మేనేజరు బల్ల మీద పెట్టారు.

రెండున్నరకు మేనేజరు గదిలోంచి చీటీ వచ్చింది. కథలోని ఏ జంతువు ఎవరికి ప్రతీకో, పోలిక ఏమిటో, ఒక్కొక్కదాని గురించి లిఖితపూర్వకంగా నాలుగు గంటలకల్లా సమర్పించాలి. సిఫారసు ఉత్తరం ఇంకా టపా సంచిలో పడలేదు. గుమాస్తా కుడితిలో పడ్డ ఎలుకలా అయిపోయాడు. నిజం రాస్తే నమ్మేవాడు లేడు. పిల్లి మేనేజరు అని రాస్తే ఉద్యోగం పోతుంది, భార్య అని రాస్తే ఇల్లే పోతుంది.

చీటీ తెచ్చిన అటెండరు వెళ్ళకుండా నిలబడ్డాడు. ఆయన పదవీ విరమణకు ఇంకో ఏడాది ఉంది. ఆఫీసులో అందరికంటే తక్కువ మాట్లాడే మనిషి.

"కుక్క నువ్వు కాదయ్యా" అన్నాడు గుమాస్తా, అడగకముందే.

"అయితే మాత్రం ఏముంది సార్, విశ్వాసం గల జంతువేగా. నేనందుకు రాలేదు." ఆయన గొంతు తగ్గించాడు. "ఇది ఆ చెవి ముసలాయన కథే కదండీ?"

గుమాస్తా కలం కింద పెట్టాడు.

తొమ్మిదేళ్ళ కిందటి సంగతి. ఒక ముసలాయన ఎద్దు చచ్చిపోయిందని వచ్చాడు. కంచెలో చిక్కి బిళ్ళ ఎప్పుడో ఊడిపోయింది. అందుకని ఆయన ఎద్దు చెవే కోసి కాగితంలో చుట్టి తెచ్చాడు, చెవికి బిళ్ళ వేసిన రంధ్రం ఉంది చూసుకోమని.

"బిళ్ళ ఏది?" అన్నాడు గుమాస్తా ఆ రోజు.

"బిళ్ళ లేదు బాబూ. చెవి ఉంది."

"చెవి మాకెందుకు? బిళ్ళ కావాలి."

"చెవి లేకుండా బిళ్ళ ఉంటుందేమో గాని బాబూ, ఎద్దు లేకుండా చెవి ఎక్కడిది?"

దానికి గుమాస్తా దగ్గర జవాబు లేదు, ముద్ర ఉంది. ముసలాయన అలా ఆరుసార్లు వచ్చాడు. వచ్చినప్పుడల్లా పెరట్లో జరిగిందంతా మొదటినుంచీ చెప్పేవాడు. దాణా పెట్టె మీద పిల్లి, డాక్టర్ని ఆపిన కుక్క, సర్టిఫికెట్టు తిన్న మేక, ఎద్దు మీదికెక్కిన పుంజు. ఏది చెబితే నమ్ముతారో తెలియక ఆయన ఏదీ వదలకుండా చెప్పేవాడు. మధ్యాహ్నం టీ వేళ గుమాస్తా ఆయనలాగే గొంతు మార్చి 'బిళ్ళ లేదు బాబూ, చెవి ఉంది' అని చూపిస్తే గదంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ తనే నవ్వాడు. తొమ్మిదేళ్ళుగా ఆ నవ్వు అతనికి గుర్తొస్తూనే ఉంది. గుర్తొచ్చినప్పుడల్లా సిగ్గేసేది. ఆ సిగ్గు తీరుతుందేమోనని కథ రాశాడు. రాశాక కూడా తీరలేదు.

"ఆఖరిసారి వచ్చిన రోజు ఆ పొట్లం మెట్ల మీద వదిలేసి పోయాడు సార్" అన్నాడు అటెండరు. "నేనే తీసి వెనక గోడ పక్కన పాతిపెట్టాను."

"ఆయన ఏమయ్యాడో తెలుసా?"

"తెలీదండీ. మళ్ళీ రాలేదు. మీరు రాశారు కదా, బాగుంది" అని ఆయన తలుపు దగ్గర తన స్టూలు మీదికి వెళ్ళి కూర్చున్నాడు.

గుమాస్తా లేచి బీరువా తెరిచాడు. అడుగు అరలోంచి పాత ఫైలు దుమ్ము దులిపి తీశాడు. తన దస్తూరి, తన ముద్ర. కూర్చుని తెల్లకాగితం మీద రాశాడు. 'కథలోని పిల్లి పిల్లియే. కుక్క, మేక, కోడిపుంజు కూడా అట్టివే. ఎద్దు ఎవరికీ ప్రతీక కాదు. అది ఎద్దు. దానికొక యజమాని ఉండెను. ఆయన చెప్పినది నిజమని తెలిసియు నేను తిరస్కరించితిని. ఇందుకు సంబంధించిన ఫైలు జతపరచడమైనది.' ఇరవై రెండేళ్ళలో అతను ఒక కాగితం మీద తన మనసులో మాట రాయడం అదే మొదలు. మనసు తేలికపడింది. పొద్దున టైపిస్టు అన్న ధైర్యం బహుశా ఇదేనేమో అనుకున్నాడు.

నాలుగు గంటలకు మేనేజరు గదిలోకి వెళితే, ఆయన బల్ల మీద సంచిక ముప్పై ఒకటో పేజీ దగ్గర తెరిచి ఉంది. పక్కన ఒక కవరు ఉంది. ఇంకా అంటించలేదు.

"కూర్చోండి" అన్నాడు మేనేజరు. ఆ గదిలో గుమాస్తాను ఎవరూ ఎప్పుడూ కూర్చోమనలేదు. "కథ మూడుసార్లు చదివాను. పిల్లి నేనట. చదవడం రానివాళ్ళు. నేనెవరో నాకు తెలీదనుకుంటున్నారు."

గుమాస్తాకు ఏమీ అర్థం కాలేదు. మేనేజరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఎద్దండీ. పాతికేళ్ళుగా ఈ ఆఫీసు బండి లాగుతున్నది ఎవరు? ఒక్కడైనా అడిగాడా, తిన్నావా లేదా అని? చుట్టూ పిల్లులు, మేకలు. నేను పోతే నా మీదెక్కి కూసేవాళ్ళే అందరూ. ఆ చెవి దగ్గరికొచ్చేసరికి ఇక చదవలేకపోయాను. నా మాట వినే చెవి లేదని మీరొక్కరే కనిపెట్టారు. ఇంట్లో మా ఆవిడ కూడా కనిపెట్టలేదు."

ఆయన కవరులోంచి కాగితం సగం బయటికి లాగి చూపించాడు. సిఫారసు ఉత్తరం. గుమాస్తా పేరు, కింద మేనేజరు సంతకం. "పొద్దున కథ చదివాకే టైపు చేయించాను. అయిదింటికి టపాలో వేస్తాను. మీ సంజాయిషీ ఇలా ఇవ్వండి. వాళ్ళ నోళ్ళు మూయించడానికి ఫైల్లో ఏదో ఒక కాగితం ఉండాలి కదా."

గుమాస్తా చేతిలో కాగితం, చంకలో పాత ఫైలు ఉన్నాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇక్కడ అతన్ని మెచ్చుకోవాలనే ఉంది గాని, జరిగింది జరిగినట్టు చెప్పాలి. అతని చెయ్యి నెమ్మదిగా కాగితాన్ని మడిచి జేబు వైపు తీసుకుపోయింది. "ఇంకా పూర్తి కాలేదు సార్, సరిగ్గా రాసి తెస్తాను" అన్నాడు. ఎద్దు తమరే అని రాయడానికి ఎంతసేపు పడుతుంది? రెండు ముక్కలు. ముసలాయన తొమ్మిదేళ్ళు ఆగాడు, ఇంకొన్నాళ్ళు ఆగలేడా?

"ఉన్నంతవరకే ఇవ్వండి" అని మేనేజరు ప్రేమగా చెయ్యి చాచి కాగితం అందుకున్నాడు.

చదివాడు. మళ్ళీ మొదటినుంచి చదివాడు. తడి కళ్ళు ఆరిపోయాయి.

"ఎద్దు ఎవరికీ ప్రతీక కాదా?"

గుమాస్తా కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"అంటే నేనిందులో ఎక్కడా లేనా?"

"అది నిజంగా జరిగిన సంగతి సార్..."

మేనేజరు కాగితాన్ని బల్ల మీద పెట్టాడు. తర్వాత చాలా తగ్గిన గొంతుతో అడిగాడు. "పోనీ, ఆ పిల్లి అయినా?"

గుమాస్తా కవరు వైపు చూశాడు. అవును సార్ అంటే ఎలా ఉంటుందో, కాదంటే ఎలా ఉంటుందో బేరీజు వేసుకున్నాడు. పొద్దున్నుంచీ ఇన్ని అబద్ధాలు ఆడినవాడికి సరిగ్గా కావలసినప్పుడు ఒక్కటీ దొరకలేదు.

"పిల్లి కూడా పిల్లే సార్."

మేనేజరు పాత ఫైలు కూడా అందుకుని తెరిచి ఒక్కొక్క కాగితమే తిప్పాడు. కళ్ళజోడు పెట్టుకున్నాక ఆయన మళ్ళీ మేనేజరు అయిపోయాడు. "ఈ ఎద్దుకు బిళ్ళ ఉందా?"

"లేదు సార్. అందుకే కదా..."

"బిళ్ళ లేనప్పుడు అసలు అలాంటి ఎద్దొకటి ఉండేదని ఆధారం ఏమిటి?"

"ముసలాయన చెప్పాడు సార్" అన్నాడు గుమాస్తా. ఆ మాట తన చెవులకే ఎంత పలచగా వినిపించిందో అతనికి తెలిసింది.

"మీరు వెళ్ళొచ్చు" అన్నాడు మేనేజరు. టైపిస్టును పిలిచాడు.

కొత్త ఉత్తరం టైపు కావడానికి పది నిమిషాలు పట్టింది. బావమరిది పేరులో ఆమె ఒక్క అక్షరం కూడా మింగలేదు. సంజాయిషీ సంగతి అప్పటికే గదంతా పాకింది. తాము కథలో లేనే లేమని తెలిశాక వాళ్ళకు కోపం తగ్గుతుందనుకున్నాడు గుమాస్తా. అది ఇంకా పెరిగింది. క్యాషియరు అతని వైపు చూడడం మానేశాడు. ఎవరిదో ఎద్దు చావు మధ్యలో పెట్టి తమతో ఆటలాడాడని అన్నాడు. టైపిస్టు సంచిక తెచ్చి, గాలి కింద తను గీసుకున్న గీతను రబ్బరుతో చెరిపేసి, అతని బల్ల మీద పెట్టింది.

"జంతువులు జంతువులే అయితే, మరి పొద్దున నవ్వారెందుకు సార్?"

ఆ రోజు మొత్తంలో ఎవరైనా అతన్ని అడిగిన సరైన ప్రశ్న అదొక్కటే. అతను రబ్బరు పొట్టు దులిపి సంచికను సొరుగులో పెట్టాడు.

ఇంటికి చేరేసరికి భార్యకు కబురు అందనే అందింది. ఆవిడ అరవలేదు. వంటింట్లో డబ్బాలన్నీ మూతలు తీసి వరసగా బల్ల మీద పేర్చి పెట్టింది. "మీకు కావలసింది మీరే తీసుకోండి, ఎవరూ అడ్డం కూర్చోలేదు" అంది. కాసేపటికి గోడ వైపు చూస్తూ, "వాడికొచ్చినా మనింట్లో వాడికే వచ్చినట్టు కదా" అంది. తనకు తనే చెప్పుకుంటున్నట్టుంది తప్ప అతన్ని ఓదార్చినట్టు లేదు. అతను చక్కెర డబ్బా మూత తనే పెట్టేశాడు.

పదిహేను రోజులకు పై ఆఫీసు నుంచి ఉత్తర్వులొచ్చాయి. బావమరిది బూట్ల పేడ కడుక్కుని, కెమెరా ఇంకొకరికి అప్పగించి, సెక్షన్ పెద్ద కుర్చీలో కూర్చున్నాడు. ఇంట్లో బావా అనేవాడు ఆఫీసులో గుమాస్తా గారూ అనడం మొదలుపెట్టాడు. మంచి కుర్రాడే, పాపం అలా అన్నప్పుడల్లా తల వంచుకునేవాడు. మొదటి రోజే ఒక ఫైలు ఇచ్చి, "ఇది మేనేజరు గారి దగ్గర్నుంచి తిరిగొచ్చిందండీ. మీరే చూడండి" అన్నాడు.

గుమాస్తా విప్పి చూశాడు. పైన తన సంజాయిషీ, కింద ముసలాయన దరఖాస్తు. సంజాయిషీ మీద అడ్డంగా, తన సొరుగులోంచే తెప్పించుకున్న ముద్ర ఊదా సిరాతో స్పష్టంగా పడి ఉంది. బిళ్ళ జతపరచలేదు. పరిశీలించలేము.

అతను అంచులు సరిచేసి, దారం కట్టి, నంబరు వేసి, దాన్ని తీసుకెళ్ళి పద్ధతి ప్రకారం చచ్చిన పశువుల బీరువాలో పెట్టాడు.